చెకౌట్ లేని గది

కొర్లగుంటలో కరెంటు పోయి వస్తే చాలు
మా ప్రింటరు కనబడకుండా పోతుంది.
ఉన్నచోటే ఉంటుంది,
కుట్టుమిషను పక్కన, స్టూలు మీద,
పచ్చలైటు వెలిగించుకుని.
అయినా కంప్యూటరు లేదంటుంది.
వనజాక్షి నన్ను నిద్రలేపుతుంది:
"ఏమబ్బా, ఎదురుగా కూర్చోనుండేదాన్ని
లేదంటాదే ఇది!"

నాది రైల్వేస్టేషను ఎదురుసందులో
లాడ్జి కౌంటరు, రాత్రి డ్యూటీ.
పద్దెనిమిదేళ్లుగా తాళంచెవులిస్తున్నా.
పగటినిద్ర పాడుచేసుకుని ఒకరోజు
రౌటరు లోపలికి తొంగిచూశా.

లోపల కూర్చున్నదీ నాలాంటివాడే.
వచ్చినవాడికల్లా ఒక నంబరు,
ఇరవైనాలుగు గంటల గడువు.
గడువు దగ్గరపడితే ఉంటావా, పోతావా.
కరెంటు పోయిందా, రిజిస్టరే మర్చిపోతాడు,
ముందొచ్చినవాడికి ముందు గది.
నిన్న ఐదులో దిగిన ప్రింటరు
ఈరోజు తొమ్మిదిలో ఉంటుంది.
కంప్యూటరేమో పాత తలుపే తడుతూ
నిలబడుంటుంది, చేతిలో కాగితంతో.

ప్రింటరు ఇంటిమనిషి కదా, యాత్రికుడు కాదు కదా
అనుకుని, దాని నెత్తిమీది మీటలు నొక్కి
ఇరవయ్యో నంబరు రాసిచ్చా.
రెండ్రోజులు బాగుంది.
మూడోరోజు ప్రింటరు పలికితే టీవీ పలకదు,
టీవీ పలికితే ప్రింటరు పలకదు.

అప్పుడు గుర్తొచ్చింది నూట ఏడు.
పెరటాసి శనివారం, రాత్రి రెండు గంటలు,
ఒకే గది ఇద్దరికిచ్చా.
లోపల తిరువణ్ణామలై దంపతులు నిద్రలో ఉన్నారు,
బయట హుబ్లీవాళ్లు తాళం తిప్పారు.
వాళ్ల పాప, గుండుమీద గంధం ఇంకా ఆరలేదు,
తెల్లారేదాకా మెట్లమీదే పడుకుంది.
ఎవరూ నన్ను తిట్టలేదు.
అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక్కడా తప్పు నాదే.
ఇరవై అనేది వాడింకా అద్దెకిస్తున్న వరసలోది.
రాసిచ్చానని వాడికో మాట చెప్పలేదు.
టీవీ వచ్చి అడిగితే పాపం ఇచ్చేశాడు.

పాత రిజిస్టరు వెనకపేజీలో గీత గీశా.
వంద పైన వచ్చిపోయేవాళ్లకు,
వంద లోపల ఇంటివాళ్లకు.
ఆధార్ జిరాక్సు తీసుకున్నట్టే
ఒక్కోదాని పుట్టుగుర్తు రాసుకున్నా.
స్టిక్కరు మీద చీమతలకాయంత అక్షరాలు, పన్నెండు.
వనజాక్షి టార్చి పట్టి చదివింది.
"సున్నానా, ఓ నా?"
"అందులో ఓ ఉండదంట."
ప్రింటరుకు ఇరవై.
మెట్లమీది కెమెరాకు ఇరవై ఒకటి.
టీవీకి ఇరవై రెండు, అలగకుండా.

మా చరిష్మ ఫోను మాత్రం కుదుర్లేదు.
గుర్తు మార్చుకుని వస్తుంది మాటిమాటికీ,
గంగజాతరలో మనిషిలాగా,
నిన్న బైరాగి, ఈరోజు బండ, రేపు తోటి.
రంగు కడుక్కుంటేగానీ మనదో కాదో తెలీదు.
దాన్ని వంద పైనే వదిలేశా.

లిస్టులో ఇంకోటి కూడా ఉంది,
మునిశేఖర్ ఫోన్.
సాయంత్రం ఆరూ నలభైకి, ఒక్క నిమిషం.
ఎవడబ్బా అని మూడురోజులు కెమెరా చూశాం.
మాకు నెట్టు బిగించిన పిల్లోడు,
నిచ్చెన బండికి కట్టుకుని
ఈ సందులోంచే ఇంటికి పోతాడు.
ఆరోజెప్పుడో పరీక్షకని పాస్‌వర్డు వేసుకున్నాడు, తీసెయ్యలేదు.
వాడికి తెలీకుండా వాడి జేబులోని ఫోను
మా గోడ దాటేలోపు ఒక గది తీసుకుని
సామాను దించకుండానే పోతుంది.
"బ్లాక్ చేసేదా?" అన్నా.
"ఉండనీలే, అదేమన్నా అన్నం అడగతా ఉండాదా" అంది.

నిన్న మళ్లీ కరెంటు పోయింది, వచ్చింది.
ఎవరో పిల్ల హాల్‌టికెట్ కోసం నిలబడిందట,
స్కూటీ తాళం వేలికి తిప్పుకుంటూ.
ప్రింటరు గొంతు సవరించుకుందట.
నన్నెవరూ లేపలేదు.

రాత్రి కౌంటర్లో
నూట ఏడు తాళం కొక్కానికే ఉంది.
అయినా రిజిస్టరు రెండుసార్లు చూసి ఇచ్చా.